పాత మస్టాంగ్‌కి పార్ట్ ఆర్డర్ చేసేముందు చక్రం నట్లు లెక్కపెట్టండి

డల్లాస్ వైపు మనవాళ్ళు కొంతమంది ఈమధ్య పాత అమెరికన్ కార్లు కొంటున్నారు, ఎక్కువగా 65, 66 ఫోర్డ్ మస్టాంగ్‌లే, కొన్న నెలకే ఫోన్ చేసి అన్నా దీనికి పార్ట్స్ ఎక్కడ దొరుకుతాయి అంటారు. దొరకడం అసలు సమస్యే కాదండీ, మస్టాంగ్‌కి బాడీ షెల్ కూడా కొత్తది తయారుచేసి అమ్ముతున్నారు. మన కారుకి ఏ పార్ట్ పడుతుందో తెలుసుకోవడమే తలనొప్పి.

నా సంగతే చెప్తా. నాది 66 కూపే, ఫెండర్ మీద 289 (ఇంజిన్ సైజు, క్యూబిక్ ఇంచుల్లో) బ్యాడ్జి, హుడ్ ఎత్తితే వి8 ఇంజిన్, ఇంకేం కావాలి అనుకుని వి8 మోడల్‌కి వచ్చే 10 ఇంచుల బ్రేక్ డ్రమ్ములు ఆర్డర్ పెట్టేశా. బాక్స్ తెరిస్తే డ్రమ్ముకి ఐదు బోల్ట్ రంధ్రాలు, నా చక్రానికి చూస్తే నాలుగే నట్లు! ఆ కాలం మస్టాంగ్‌లలో ఆరు సిలిండర్లవాటికి నాలుగు నట్లు, 9 ఇంచుల డ్రమ్ములు, వి8కి ఐదు. అంటే ఎవరో మహానుభావుడు సిక్స్ సిలిండర్ కార్లో ఇంజిన్ మాత్రం మార్చి, కింద బ్రేకులు యాక్సిలు అన్నీ పాతవే వదిలేశాడన్నమాట. బరువైన ఇంజిన్‌కి ఆ చిన్న బ్రేకులేంటో, నేను దాన్ని ఫ్రీవే మీద నడిపానేంటో, ఇప్పుడు తల్చుకుంటే భయమేస్తుంది. రిటర్న్ షిప్పింగ్ కూడా నా నెత్తినే పడింది.

కాబట్టి మొదట విన్ నంబర్, అంటే కారు గుర్తింపు నంబర్ చదవండి. డ్రైవర్ సైడ్ హుడ్ కింద, ఫెండర్ లోపలి రేకు మీద కొట్టి ఉంటుంది, డోర్ మీద ప్లేట్‌లో కూడా ఉంటుంది కానీ ప్లేట్ మార్చడం తేలిక, అందుకే నేను రేకునే నమ్ముతా. నాది 6ఆర్07టి అని మొదలవుతుంది. 6 అంటే 1966, ఆర్ అంటే శాన్ హోసే ఫ్యాక్టరీ (ఎఫ్ అయితే డియర్‌బోర్న్, టి అయితే మెటచెన్), 07 అంటే హార్డ్‌టాప్, 08 కన్వర్టిబుల్, 09 ఫాస్ట్‌బ్యాక్. ఆ తర్వాతి అక్షరమే ఇంజిన్: టి అంటే 200 సిక్స్ సిలిండర్, సి అంటే టూ బ్యారెల్ (కార్బ్యురేటర్‌కి రెండు గొట్టాలు) 289, ఏ అంటే ఫోర్ బ్యారెల్ 289, కె అంటే హై పర్‌ఫార్మెన్స్ 289. ఈ ఒక్క అక్షరం కొనేముందు చూసుకుంటే నాకు ఈ కథే లేదు. డోర్ ప్లేట్ మీద యాక్సిల్, ట్రాన్స్‌మిషన్ కోడ్‌లు కూడా ఉంటాయి. మార్టీ రిపోర్ట్ (ఫోర్డ్ ఫ్యాక్టరీ రికార్డుల నుంచి తీసిచ్చే కారు వివరాలు) తెప్పించుకోమని కొందరు చెప్తారు, అది 67 నుంచి మాత్రమే, మన 65, 66కి రాదు.

అయితే విన్ చెప్పేది కారు ఫ్యాక్టరీలో ఎలా పుట్టిందో మాత్రమే, అరవై ఏళ్ళలో ఎంతమంది చేతులు పడ్డాయో అది చెప్పదు. అందుకే రెండో పని, పాత పార్ట్ విప్పి దాని మీద నంబర్ చదవడం. 289 బ్లాక్ నంబర్ స్టార్టర్ దగ్గర దాక్కుంటుంది, స్టార్టర్ విప్పితేగానీ కనపడదు. బ్రేక్ క్లీనర్ కొట్టి, వైర్ బ్రష్‌తో గ్రీజు గీకి, సుద్దముక్క అడ్డంగా రుద్దండి, తర్వాత ఫోన్ టార్చ్ పక్కనుంచి వేస్తే అక్షరాలు లేచి కనిపిస్తాయి. సి5ఏఈ-6015-ఈ అని ఉందనుకోండి, సి అంటే 1960లు (బి 50లు, డి 70లు), 5 అంటే 1965, మూడో అక్షరం ఏ కారు కోసం డిజైన్ చేశారో చెప్తుంది, 'ఏ' అంటే పెద్ద ఫోర్డ్, 'డి' అంటే ఫాల్కన్, 'ఓ' అంటే ఫెయిర్‌లేన్, 'జెడ్' అంటే మస్టాంగ్. నాలుగోది 'ఈ' అంటే ఇంజిన్ విభాగం. మధ్యలో నంబర్ పార్ట్ రకం, 9510 కార్బ్యురేటర్, 12127 డిస్ట్రిబ్యూటర్ అలాగ. పెద్ద ఫోర్డ్ నంబర్ మస్టాంగ్ ఇంజిన్ మీద ఉందేంటని కంగారు పడకండి, ఒకే ఇంజిన్ అన్నిట్లో వాడేవాళ్ళు.

ఇంకో చిక్కుంది, పార్ట్ మీద పోతపోసిన నంబరూ కేటలాగ్‌లో అమ్మే నంబరూ ఒకటి కాదు. అమ్మే నంబర్లలో నాలుగో అక్షరం తరచుగా జెడ్ ఉంటుంది, సి5జెడ్‌జెడ్ అని. పోత నంబర్ పెట్టి వెతికి ఏమీ దొరకలేదని వదిలేసినవాళ్ళు చాలామంది. షెవర్లేలో అయితే 72కి ముందు విన్ చూసి సిక్సా వి8ఆ అన్నది తప్ప ఏ వి8 అన్నది తెలీదు, అక్కడ పూర్తిగా బ్లాక్ మీద నంబర్లే దిక్కు.

1964 ఏప్రిల్ 17 నుంచి అమ్మిన మొదటి మస్టాంగ్‌లు కూడా కాగితాల్లో 65 మోడలే, కానీ వాటిలో ఆల్టర్నేటర్ కాదు, జనరేటర్. వైరింగ్ కొనేటప్పుడు 65 అని చెప్తే సరిపోదు, ఏది ఉందో చూసి చెప్పాలి.

ఇక ఎక్కడ కొనాలంటే, ప్లగ్గులు పాయింట్లు కండెన్సర్ లాంటివి మామూలు పార్ట్స్ షాపులోనే ఉంటాయి. ట్రిమ్, కార్పెట్, లైట్లు అన్నీ నేషనల్ పార్ట్స్ డిపో, సిజె పోనీ పార్ట్స్ లాంటి చోట రీప్రోడక్షన్‌వి (పాతదాని నమూనాలో కొత్తగా చేసినవి) దొరుకుతాయి, కానీ రీప్రో రబ్బర్లతో జాగ్రత్త, నా డోర్ రబ్బరు మార్చాక డోరు వేయాలంటే భుజంతో గుద్దాల్సొచ్చింది నెలరోజులు. రేకు పని అయితే నేను టెక్సస్, అరిజోనా జంక్‌యార్డుల్లో తుప్పులేని పాత ఫోర్డ్ రేకుకే ఓటేస్తా. మస్టాంగ్ పుట్టిందే ఫాల్కన్ నుంచి కాబట్టి ఫాల్కన్, కామెట్‌లలోవి చాలా పార్ట్స్ పడతాయి, ఏది దేనికి పడుతుందో పాత హాలాండర్ ఇంటర్‌చేంజ్ పుస్తకంలో ఉంటుంది. ఎన్ఓఎస్ (అప్పట్లో తయారై వాడకుండా మిగిలిన అసలు పార్ట్) అని అమ్మేవాళ్ళని బాక్స్ ఫోటో కాదు, పార్ట్ మీద నంబర్ ఫోటో అడగండి, బాక్స్‌లో ఏదైనా పెట్టొచ్చు.

ఫోర్ట్‌వర్త్ దగ్గర ఏప్రిల్‌లో పేట్ స్వాప్ మీట్ అని పాత పార్ట్స్ సంత జరుగుతుంది, పాత పార్ట్ విప్పి చేత్తో పట్టుకుని పొండి, ఫోటో చాలదు. పక్కపక్కన పెట్టి బోల్ట్ రంధ్రాలు కొలవాలి, అందుకే టేపు, ఒక వెర్నియర్ కూడా తీసుకెళ్ళండి. ఇండియా నుంచి తెచ్చుకున్న స్పానర్ సెట్ మాత్రం ఇంట్లో పెట్టండి, ఇవన్నీ ఇంచుల బోల్టులు, 9/16 ఇంచి నట్టుకి 14 ఎంఎం స్పానర్ ఎక్కదు, 15 పెడితే నట్టు మూలలు అరిగిపోతాయి.

కొత్త పార్ట్ బిగించి, నడిపి చూసేదాకా పాతది పారేయొద్దు. స్టార్టర్, వాటర్ పంప్ లాంటివాటికి కోర్ డిపాజిట్ పట్టుకుంటారు, పాతది ఇస్తేనే ఆ డబ్బు వెనక్కొస్తుంది, కానీ తిరిగిచ్చేముందు నంబర్ ఫోటో తీసి పెట్టుకోండి.