1/24 బీటిల్ కారు కిట్ కట్టడం ఎలా? (ముఖ్యంగా రంగు చెడగొట్టుకోకుండా)

కొత్తగా ప్లాస్టిక్ మోడల్ కార్ల కిట్లు కడుతున్నవాళ్ళు నాకు ఫొటోలు పంపిస్తుంటారు. సీట్లు బాగుంటాయి, డ్యాష్‌బోర్డు మీద మీటరు ముల్లు కూడా భూతద్దం పెట్టి దిద్ది ఉంటారు, తీరా బాడీ చూస్తే రంగంతా బత్తాయి తొక్కలా గుంటలు గుంటలు. రంగు ఎన్ని పూతలు (కోట్లు) కొట్టావని అడిగితే "రెండే అన్నా, బాగా పట్టించాను" అంటారు. ఆ పట్టించడమే జబ్బు.

జపాన్ మోడల్ కిట్ల కంపెనీ టామియా వాళ్ళ ఫోక్స్‌వ్యాగన్ 1300 బీటిల్, 1966 మోడల్, దాన్ని పెట్టుకుని చెబుతాను. మొదటి కిట్‌గా అదే కొనండి, స్పోర్ట్స్ కార్ల జోలికి తర్వాత వెళ్ళొచ్చు. బీటిల్ ఒళ్ళంతా వంపులే కాబట్టి రంగులో తప్పు ఎక్కడా దాక్కోదు, పని వస్తుంది. అసలు కారుకి ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 2400 మిల్లీమీటర్లు. 1/24 అంటే అసలు కారులో 24వ వంతు, కాబట్టి మీ బల్ల మీద 10 సెంటీమీటర్లు. ఈ 24తో ఇంకో లెక్క ఉంది, రంగు దగ్గర చెబుతాను.

సామానుకి పెద్దగా ఖర్చు పెట్టకండి. ముక్కలు కత్తిరించడానికి చిన్న నిప్పర్, కొత్త బ్లేడ్లు, ట్వీజర్, అతికించడానికి ప్లాస్టిక్ సిమెంటు, 1000, 2000, 3000 నంబర్ల వాటర్ పేపరు, ప్రైమర్ (రంగుకి ముందు కొట్టే అడుగు పూత) స్ప్రే డబ్బా ఒకటి, ల్యాకర్ రంగు డబ్బా ఒకటి. మాస్క్ మాత్రం గుడ్డది కాదు, ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్నది. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న గన్) లేనిదే పని నీటుగా రాదనేవాళ్ళ మాట వినకండి, దాన్ని కడగడానికే సగం ఆదివారం పోతుంది. కుంచెతో బాడీకి రంగు వేసేవాళ్ళతో అయితే నాకు మాటల్లేవు.

బాడీని గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో కడిగి ఆరనివ్వండి. అచ్చు రెండు భాగాలు కలిసినచోట సన్నటి గీత ఉంటుంది, గోటికి తగులుతుంది, దాన్ని బ్లేడు వీపుతో గీకి 1000 పేపరుతో నున్నగా చేయండి. డోర్ల చుట్టూ ఉన్న గాడిని కూడా బ్లేడు వీపుతోనే ఒకటి రెండు సార్లు లోతు చేయండి, లేకపోతే రంగుతో పూడిపోతుంది. తర్వాత ప్రైమర్, పల్చగా రెండు కోట్లు. ఇదంతా ఒక సాయంత్రం పని.

ఇక రంగు. ఇక్కడ నిదానం.

అసలు కారు మీద పెయింటు పొరలన్నీ కలిపినా దాదాపు మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటుంది. అంతే మందం మీ మోడల్ మీద పడిందనుకోండి, 24 పెట్టి గుణించండి. నిజం కారు మీద 2.4 మిల్లీమీటర్ల పెయింటు మెత్తినట్టు! చూసినవాడికి లెక్క తెలియక్కర్లేదు, ఇది బొమ్మ అని కంటికి తెలిసిపోతుంది.

ముందు వాతావరణం చూసుకోండి. ల్యాకర్‌లో ద్రావకం గబగబా ఆవిరవుతూ రంగు పైపొరని చల్లబరుస్తుంది, గాలిలో తేమ ఎక్కువుంటే అది ఆ చల్లటి పొర మీద చేరి తెల్లగా మసక కడుతుంది. నేనుండేది విశాఖలో. నా మొదటి బీటిల్‌కి నలుపు, జులైలో వాన వెలిసిన గంటకే డాబా మీద కొట్టేశాను, కాసేపటికి బాడీ అంతా విబూది పూసినట్టయింది. పొడిగా ఉన్న రోజు పైన ఇంకో పల్చటి కోటు కొడితే అది చాలావరకు పోతుంది, ఆ సంగతి అప్పుడు తెలియక మొత్తం గీకేశాను. ఇప్పుడు తేమ మీటరు పెట్టుకున్నాను. 70 శాతం దాటితే డబ్బా మూత తీయను, మాకు డిసెంబరు, జనవరి మధ్యాహ్నాలే గతి.

డబ్బాని పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచండి, తుంపర సన్నగా వస్తుంది. చేయి హాయిగా పెట్టగలిగినంత వేడే, పొయ్యి మీద పెడితే పేలుతుంది. తర్వాత రెండు నిమిషాలు ఊపండి. బాడీని ఖాళీ సీసాకి టేపుతో బిగించి, 25 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టండి. బటన్ నొక్కడం బాడీకి ఇవతల, వదలడం అవతల. బాడీ మీద చేయి ఆగిందా, అక్కడే కారుతుంది.

మొదటి కోటు వట్టి చిలకరింపు. కింద ప్రైమర్ బాగా కనబడాలి, కనబడలేదంటే ఎక్కువ కొట్టారన్నమాట. పదిహేను నిమిషాలు ఆగి రెండోది, అదీ అంతే. మూడో కోటుకి రంగు నిండుతుంది, నాలుగోది తడి కోటు. దీనికి భయపడి చాలామంది దూరం జరుగుతారు, తుంపర గాలిలోనే ఆరిపోయి పొడిలా పడుతుంది, బత్తాయి తొక్క పుట్టేది సగం అక్కడే. మిగతా సగం చల్లటి డబ్బాతో చిక్కగా కొట్టడం వల్ల. కాబట్టి 15 సెంటీమీటర్లకి రండి, చేయి కొంచెం నెమ్మదిగా కదపండి, లైటుకి ఏటవాలుగా చూస్తూ రంగు తడిగా మెరిసి తనంతట తాను సర్దుకోగానే ఆపేయండి. ఇంకొక్కసారి కొడదామనిపిస్తుంది. కొట్టకండి.

కారిందా? తుడవకండి. దోమ వాలిందా? తీయకండి. రెండూ ఆరాక 2000 పేపరుతో పోతాయి, తడి మీద వేలు పెడితే మాత్రం మళ్ళీ ప్రైమర్ నుంచి మొదలు. అట్టపెట్టె బోర్లించి వారం రోజులు వదిలేయండి. డబ్బా మీద ఎంత తక్కువ టైం రాసి ఉన్నా నా లెక్క వారమే. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా వాసనొస్తోందంటే ఆరలేదు.

పాలిష్‌కి 3000 పేపరు తడిపి తేలిగ్గా రుద్దండి, అంచుల జోలికి వెళ్ళకండి, అక్కడ రంగు పల్చగా ఉంటుంది. తర్వాత మోడళ్ళ కోసం అమ్మే కాంపౌండ్ వాడండి. కార్ల షెడ్డులో ఉండే రబ్బింగ్ కాంపౌండ్ గరుకు, వద్దు. క్లియర్ కోటు (రంగు లేని మెరుపు పూత) మెటాలిక్ రంగులకే. మామూలు రంగు మీద నేను కొట్టను, 1966లో అసలు బీటిల్‌కే లేదు.

పక్కన క్రోమ్ పట్టీలకి బేర్ మెటల్ ఫాయిల్ (వెనక జిగురున్న పల్చటి లోహపు రేకు) అంటించి కొత్త బ్లేడుతో కోయండి. వంటింటి ఫాయిల్ మందం, వంపులకి కూర్చోదు. సీట్లు, స్టీరింగు కిట్ కాగితంలో ఉన్నట్టే. అద్దాలకి సూపర్ గ్లూ వాడితే ఆవిరికి మసకబారతాయి, ఫెవికాల్ చుక్కలు చాలు. టైర్లు నేలకి తాకేచోట 1000 పేపరుతో ఒకసారి రుద్దండి, కొత్త రబ్బరు మెరుపు పోతుంది.

బంపర్లు అన్నిటికంటే చివర పెట్టండి. ముందే పెడితే బాడీని పట్టుకోవడంలో కచ్చితంగా ఒకటి విరుగుతుంది, ఆ ముక్క మంచం కిందే పడుతుంది, దొరకదు.