టోరెంట్ పాఠాలు – 4: దిగిన ఫైలు ఎక్కడికి చేరింది?

కిందటి పాఠం చివర ఒక పని ఇచ్చాను: ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఏదైనా పాత తెలుగు పుస్తకం తెరిచి, డౌన్‌లోడ్ ఆప్షన్లలో టోరెంట్ (ఫైళ్లను ఇతరుల కంప్యూటర్ల నుంచి ముక్కలుగా దింపుకునే పద్ధతి) నొక్కి, టోరెంట్లు దింపే సాఫ్ట్‌వేర్ క్యూబిట్‌టోరెంట్‌తో దింపుకోమని. చేసి ఉంటే ఈపాటికి మీకు చిరాకు వచ్చే ఉంటుంది. డౌన్‌లోడ్స్‌లో పుస్తకం పేరు ఎక్కడా కనిపించదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పుస్తకమైతే ఫోల్డర్ పేరు "ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ డాట్ 2015" అని మొదలై, ఒక పొడవాటి అంకెతో ముగుస్తుంది. లోపల పీడీఎఫ్‌తో పాటు పేజీల బొమ్మలున్న జిప్, టెక్స్ట్ ఫైలు, మనకు అక్కర్లేని ఎక్స్‌ఎమ్ఎల్ ముక్కలు కొన్ని.

ఈ పేరు మీ సాఫ్ట్‌వేర్ పెట్టింది కాదు. టోరెంట్ ఫైలు తయారైనప్పుడే ఫోల్డర్ పేరు, లోపలి ఫైళ్ల పేర్లు, ఒక్కోదాని సైజు అన్నీ అందులో రాసేస్తారు. ఒకే ఫైలున్న టోరెంట్ అయితే మామూలుగా ఫోల్డర్ లేకుండా నేరుగా వచ్చి పడుతుంది. ఎక్కువ ఫైళ్లుంటే అవన్నీ ఒక ఫోల్డర్‌లో వస్తాయి. టోరెంట్ చేర్చేటప్పుడు తెరుచుకునే కిటికీలో "కంటెంట్ లేఅవుట్" అని ఒకటుంటుంది. దాన్ని "ఒరిజినల్" దగ్గరే వదిలేయండి. "డోంట్ క్రియేట్ సబ్‌ఫోల్డర్" పెడితే పది పుస్తకాల ఎక్స్‌ఎమ్ఎల్ ఫైళ్లు ఒకే చోట కుప్పపడతాయి, వాటిని ఏరుకోవడం బియ్యంలో రాళ్లు ఏరుకున్నట్టే.

అదే కిటికీలో ఫైళ్ల జాబితా కూడా ఉంటుంది. పీడీఎఫ్ ఒక్కదానికే టిక్ ఉంచి మిగతావి తీసేయవచ్చు. అయినా ఒక్కోసారి చుక్కతో మొదలై, పొడవాటి సంకేతంతో సాగి, "పార్ట్స్" అని ముగిసే ఫైలు ఒకటి పక్కన చేరుతుంది. కారణం రెండో పాఠంలో చెప్పుకున్నదే. టోరెంట్ దిగేది ఫైళ్లుగా కాదు, సమానమైన ముక్కలుగా. ఒక ముక్కలో సగం మీ పీడీఎఫ్ తోక, మిగతా సగం మీకు అక్కర్లేని జిప్ తల కావచ్చు. ముక్క మొత్తం దిగితేనే అది సరైనదో కాదో తేల్చగలం కాబట్టి, అక్కర్లేని సగాన్ని సాఫ్ట్‌వేర్ ఆ ఫైల్లో దాచిపెడుతుంది. వైరస్ ఏమోనని టెన్షన్ పడకండి.

ఇప్పుడు సర్దుడు. టూల్స్‌లో ఆప్షన్స్ తెరిచి డౌన్‌లోడ్స్ పేజీకి వెళ్లండి. ముందు "డిఫాల్ట్ సేవ్ పాత్"కి ఖాళీ ఉన్న డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చూపించండి. తర్వాత "కీప్ ఇన్‌కంప్లీట్ టోరెంట్స్ ఇన్" దగ్గర టిక్ పెట్టి, సగం దిగిన వాటికి వేరే ఫోల్డర్ ఇవ్వండి. అసంపూర్తి ఫైళ్ల పేరు చివర చుక్క, ఆశ్చర్యార్థకం, క్యూబీ చేర్చే టిక్కు కూడా అక్కడే ఉంటుంది, అదీ పెట్టండి. ముక్కలు వరసగా రావు కాబట్టి, పది శాతం దిగిన ఫైలు కూడా పూర్తి సైజు చూపించవచ్చు. సైజు చూసి అయిపోయిందనుకుని తెరిస్తే తెరుచుకోదు. ఆ తోక ఉంటే మోసపోయే ప్రమాదం ఉండదు.

ఈ రెండు ఫోల్డర్లూ ఒకే డ్రైవ్‌లో ఉండేలా చూసుకోండి. ఒకే డ్రైవ్ అయితే దిగడం పూర్తవగానే ఫైలు రెప్పపాటులో జరుగుతుంది, నిజానికి మారేది చిరునామా ఒక్కటే. వేర్వేరు డ్రైవ్‌లైతే మొత్తం కాపీ కావాలి, పెద్ద ఫైలుకు ఆ కాసేపు రెండు చోట్లా జాగా కావాలి.

అసలు సౌకర్యం కేటగిరీలది. ఎడమ పక్కన కేటగిరీల మీద రైట్ క్లిక్ చేసి "కథలు", "నిఘంటువులు", "లినక్స్" అని మూడు చేయండి. పాత్ గడి ఖాళీగా వదిలినా ఫరవాలేదు, డిఫాల్ట్ ఫోల్డర్ కింద అదే పేరుతో ఫోల్డర్ వస్తుంది. అయితే మేనేజ్‌మెంట్ మోడ్ మొదట్లో "మాన్యువల్"లో ఉంటుంది, అందులో కేటగిరీ ఉత్త చీటీ మాత్రమే. "ఆటోమేటిక్"కి మారిస్తేనే కేటగిరీ మార్చినప్పుడు ఫైలు కూడా దాని వెంట నడుస్తుంది. ట్యాగ్‌లు అలా కావు, ఏ మోడ్‌లోనూ ఫైలును కదిలించవు.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఓ సంక్రాంతి సెలవుల్లో ఇల్లు సర్దినట్టే కంప్యూటర్ కూడా సర్దుదామని, దిగిన ఫోల్డర్లన్నీ మౌస్‌తో లాగి బయటి హార్డ్‌డిస్క్‌లో పడేశాను. మర్నాడు జాబితా నిండా "మిస్సింగ్ ఫైల్స్". ఆలోచించకుండా అన్నిటినీ ఎంచి స్టార్ట్ నొక్కాను. పాత చోట ఏమీ లేదు కదా, పాపం అది మొదటి నుంచి మళ్లీ దింపడం మొదలుపెట్టింది. భోజనం చేసి వచ్చేసరికి ఆ రోజు డేటా అయిపోయింది.

సాఫ్ట్‌వేర్ డిస్కంతా వెతకదు. ఏ టోరెంట్ ఎక్కడుందో తన చిట్టాలో రాసుకుంటుంది, అక్కడే చూస్తుంది. కాబట్టి జరపాల్సి వస్తే టోరెంట్ మీద రైట్ క్లిక్ చేసి "సెట్ లొకేషన్" వాడండి. ఫైలు, చిట్టా రెండూ కలిసి మారతాయి. అలా చేస్తే ఆ టోరెంట్ మాన్యువల్‌కి మారుతుందని గుర్తుంచుకోండి. నాలాగా ఇప్పటికే లాగేసి ఉంటే, స్టార్ట్ జోలికి పోకుండా ఫైళ్లు ఇప్పుడున్న ఫోల్డర్‌కి సెట్ లొకేషన్ ఇచ్చి, "ఫోర్స్ రీచెక్" నొక్కండి. ఒక్కో ముక్కనూ టోరెంట్‌లో రాసి ఉన్న సంకేతంతో పోల్చుకుని, అంతా సరిపోతే నూరు శాతం చూపిస్తుంది.

పేరు మార్చడానికీ ఇదే పద్ధతి. పై జాబితాలో "రీనేమ్" చేస్తే మారేది జాబితాలో కనిపించే పేరే. కింద "కంటెంట్" ట్యాబ్‌లో మారిస్తే డిస్క్ మీద మారుతుంది. అంకెల ఫోల్డర్‌కి హాయిగా తెలుగు పేరు పెట్టుకోవచ్చు, సీడింగ్ (దిగిన ఫైలును ఇతరులకు పంచడం) ఆగదు. ప్రశ్నార్థకం, కోలన్ లాంటివి విండోస్ ఒప్పుకోదు. లినక్స్ వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది: మామూలుగా వాడే ఎక్స్‌ట్4 అనే ఫైల్ సిస్టమ్‌లో (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటైతే మన లిపిలో ఒక్కో గుర్తుకీ మూడు. "కృష్ణ" అని రాస్తే క, వట్రసుడి, ష, పొల్లు, ణ కలిపి పదిహేను బైట్లు. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం అన్నీ ఫైలు పేరులోనే కుక్కాలనుకుంటే పట్టదు.

వచ్చే పాఠానికి పని: "కథలు" కేటగిరీలో ఒక పుస్తకాన్ని ఆటోమేటిక్ మోడ్‌లో దింపండి, అంకెల ఫోల్డర్‌కి పుస్తకం పేరు పెట్టండి, తర్వాత కేటగిరీని "నిఘంటువులు"కి మార్చి ఫోల్డర్ ఎక్కడికి వెళ్లిందో చూడండి. కదలకపోతే మోడ్ ఒకసారి సరిచూసుకోండి. ఐదో పాఠంలో సీడింగ్ వేగానికి పగ్గాలు వేద్దాం.