ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మార్చాక కారులో వచ్చే తేడాలు: లక్షణం నుంచి పరిష్కారం దాకా

పెట్రోలు కారుకు కంపెనీ అమర్చిన ఎయిర్ ఫిల్టర్ బాక్సు తీసేసి కోన్ ఫిల్టరు, వెనుక కాస్త వెడల్పాటి గొట్టంతో కొత్త సైలెన్సరు బిగించిన తర్వాత, పెరగాల్సిన పికప్ తగ్గిందనో, చెక్ ఇంజన్ లైటు వెలిగిందనో, మైలేజీ పడిపోయిందనో వాపోయేవారు చాలామందే ఉంటారు. ఈ తేడాల్లో చాలావరకు ఒకే మూలం నుంచి పుడతాయి. ఇంజన్‌లోకి నిజంగా వెళ్లే గాలి వేరు, వెళ్తోందని ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) లెక్కగట్టే గాలి వేరు అయినప్పుడు ఇంధనం మోతాదు తప్పుతుంది; ఆ తప్పును సరిదిద్దబోయి ఈసీయూ చేసే ప్రయత్నమే మనకు లక్షణంగా కనిపిస్తుంది. కాబట్టి స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్, ఇంజెక్టర్లు మార్చడానికి ముందు ఆ లెక్క ఎక్కడ తప్పిందో చూడాలి.

అందుకు కావలసింది స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ-2 పోర్టుకు తగిలించే మామూలు స్కానరు. అందులో నాలుగు అంకెలు చాలు: షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, ముందు ఆక్సిజన్ సెన్సర్ రీడింగు. ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో ఫ్యూయల్ ట్రిమ్ చెబుతుంది. రెండు ట్రిమ్‌లూ కలిపి ఐదారు శాతం అటూ ఇటూ ఉంటే ఆందోళన అక్కర్లేదు. ఇంకో సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. మీ కారు గాలిని మాఫ్ సెన్సర్‌తో నేరుగా కొలుస్తుందా, లేక మ్యానిఫోల్డులోని (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల్లోని) పీడనాన్ని మ్యాప్ సెన్సర్‌తో కొలిచి లెక్క కడుతుందా? స్విఫ్ట్‌లో వచ్చిన కె-సిరీస్ పెట్రోలు ఇంజన్లు రెండో తరహావి. ఈ తేడా తెలియకుండా చేసే మరమ్మతు గురి లేని బాణమే.

చెక్ ఇంజన్ లైటు వెలగడం, పీ0171 కోడ్, ఐడ్లింగ్ ఊగడం

పీ0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువై, ఇంధనం చాలడం లేదని అర్థం. చాలా కార్లలో ట్రిమ్ 20 నుంచి 25 శాతం దాటి అక్కడే ఉండిపోతే ఈ కోడ్ నమోదవుతుంది. కారణం ఎక్కడుందో తేల్చడానికి ట్రిమ్‌ను ఒకసారి ఐడ్లింగ్‌లోనూ, మరోసారి 2500 ఆర్‌పీఎం వద్దా చూడాలి.

ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి, ఆర్‌పీఎం పెంచినకొద్దీ తగ్గిపోతుంటే అది గాలి లీకేజీ. మాఫ్ సెన్సర్ ఉన్న కారులో సెన్సర్‌కూ థ్రాటిల్‌కూ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి మూతకూ) మధ్య ఎక్కడ సందు ఉన్నా, అక్కడ దూరిన గాలి లెక్కలోకి రాదు. కొత్త గొట్టం బిగించేటప్పుడు క్లిప్పు అంచు మీదికెక్కి నిలబడటం, సిలికాన్ హోసు ఒకవైపు లోపలికి మడతపడటం, పాత బాక్సుకు తగిలించిన సన్నని బ్రీదర్ పైపును ఎక్కడా పెట్టకుండా వదిలేయడం తరచుగా చూసేవే. ఈ మూడోది మరీ ఎక్కువ. క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగు భాగం) నుంచి వచ్చే ఆ పైపు కొత్త గొట్టానికి ఉన్న చిన్న మూతిలోకే వెళ్లాలి. మ్యాప్ సెన్సర్ కార్లలోనైతే థ్రాటిల్‌కు ముందున్న సందు మిశ్రమాన్ని చెడగొట్టదు, కానీ వడకట్టని దుమ్మును నేరుగా సిలిండర్లలోకి పంపుతుంది. థ్రాటిల్ తర్వాత లీకైతే మాత్రం ఐడ్లింగ్ పెరిగి కూర్చుంటుంది. లీకు కనిపెట్టడానికి వేడి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ చిమ్మి చూసే అలవాటు మన షెడ్లలో ఉంది. నిప్పంటుకునే ప్రమాదం ఉన్న ఆ పద్ధతి కన్నా, కాస్త పెద్ద గ్యారేజీలో స్మోక్ టెస్ట్ (గొట్టాల్లోకి పొగ పంపి, అది ఎక్కడ బయటికొస్తుందో చూసే పరీక్ష) చేయించడం మేలు.

ట్రిమ్ ఐడ్లింగ్‌లో బాగానే ఉండి, లోడ్ పెరిగినకొద్దీ పెరుగుతుంటే అనుమానించాల్సింది మాఫ్ సెన్సర్‌ను. నూనె పట్టించే కాటన్ ఫిల్టర్లు వాడేవారికి ఇది ఎక్కువగా ఎదురవుతుంది. కడిగిన ఫిల్టరుకు నూనె మోతాదు మించి పట్టించి, అది దూదిలో పూర్తిగా ఇంకకముందే బిగిస్తే, గాలితో పాటు సన్నని తుంపర వెళ్లి సెన్సర్‌లోని వేడి తీగ మీద పేరుకుంటుంది. టార్చి వేసి చూస్తే, వెంట్రుక కన్నా కొంచెం లావున్న ఆ తీగ మెరవకుండా, గోధుమరంగు పొర కట్టి, పీచు అంటుకుని కనిపిస్తుంది. ఆ పొర వల్ల తీగ చల్లబడే తీరు మారి, సెన్సర్ గాలిని తక్కువ చేసి చెబుతుంది. దీనికి మాఫ్ సెన్సర్ కోసమే అమ్మే క్లీనర్‌ను దూరం నుంచి చిమ్మి, పూర్తిగా ఆరనిచ్చి బిగించాలి. గుడ్డతో గానీ, బ్రష్షుతో గానీ, వేలితో గానీ తీగను ముట్టుకోకూడదు.

శుభ్రం చేసినా ట్రిమ్ దిగకపోతే గొట్టం వ్యాసం కొలవాలి. మాఫ్ సెన్సర్ ఒక నిర్దిష్ట వ్యాసం ఉన్న గొట్టానికి తగ్గట్టు లెక్కగట్టి తయారవుతుంది. 60 మిల్లీమీటర్ల గొట్టంలో ఉండాల్సిన సెన్సర్‌ను 70 మిల్లీమీటర్ల గొట్టంలో పెడితే అడ్డుకోత వైశాల్యం 36 శాతం పెరిగి, అంతే గాలి అందులో నెమ్మదిగా కదులుతుంది; సెన్సర్ నాలుగో వంతుకు పైగా తక్కువ లెక్క చెబుతుంది. దీన్ని ఈసీయూ ట్రిమ్‌తో పూర్తిగా సర్దలేదు. మీ మోడల్ కోసమే చేసిన గొట్టం కొనాలి, లేదా ఈసీయూ మ్యాపింగ్‌లో సెన్సర్ లెక్కను మార్పించాలి. "అన్ని కార్లకూ సరిపోతుంది" అని రాసి ఉన్న కిట్ల జోలికి పోకపోవడమే డబ్బు ఆదా.

ఇక్కడ మన పెట్రోలు సంగతీ చెప్పుకోవాలి. ఈ20కి తగినట్లు తయారుకాని పాత కారులో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పోస్తే ట్రిమ్ ముందే కొంత పైకి వెళ్తుంది; మామూలు పెట్రోలుకు 14.7 అయిన గాలి-ఇంధన నిష్పత్తి ఈ20కి దాదాపు 13.5 కావడమే దానికి కారణం. అంటే ఇన్‌టేక్ ముట్టుకోకముందే ట్రిమ్‌లో ఉన్న వెసులుబాటులో కొంత ఖర్చయిపోయింది. కాబట్టి మార్పు చేయడానికి ముందే ట్రిమ్ ఎంతుందో రాసి పెట్టుకుంటే, ఆ తర్వాత నేరం పెట్రోలుదో, గొట్టానిదో తేల్చడం తేలిక.

లైటు లేదు, కోడ్ లేదు; ఎండపూట మాత్రం బండి లాగడం లేదు

ఉదయం పూట చురుగ్గా ఉన్న కారు మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నిలిచి కదిలేసరికి మందగిస్తే, గాలి ఉష్ణోగ్రత రీడింగు చూడాలి. బానెట్ లోపలే తెరిచి ఉన్న కోన్ ఫిల్టరు రేడియేటరు, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు పక్కన ఉడికిన గాలినే పీల్చుకుంటుంది. బయట 40 డిగ్రీలున్నప్పుడు లోపలికి వెళ్లే గాలి 65 డిగ్రీలకు చేరితే దాని సాంద్రత ఏడు శాతానికి పైగా తగ్గుతుంది, అంటే పూర్తిగా తొక్కినప్పుడు శక్తి కూడా ఇంచుమించు అంతే పోతుంది. దానికి తోడు, వేడి గాలి వల్ల నాకింగ్ (మిశ్రమం తనంతట తానే అంటుకుని కొట్టుకోవడం) మొదలైతే నాక్ సెన్సర్ ఉన్న ఇంజన్లో ఈసీయూ ఇగ్నిషన్ టైమింగును (స్పార్క్ పడే క్షణాన్ని) వెనక్కి జరుపుతుంది, శక్తి ఇంకా తగ్గుతుంది. టర్బో లేని 1.2 లీటర్ల ఇంజన్‌కు ఇన్‌టేక్ మార్పు వల్ల వచ్చే లాభమే రెండు మూడు బీహెచ్‌పీ అయినప్పుడు, మే నెల ఎండలో అది నష్టంగా తేలడంలో వింత లేదు. ఫిల్టరు నుంచి వచ్చే గుర్రుమనే శబ్దం మాత్రం పెరుగుతుంది. చాలామంది దాన్నే శక్తి అనుకుంటారు.

దీనికి పరిష్కారం ఫిల్టరును ఇంజన్ వేడి నుంచి వేరు చేసే మూసిన పెట్టె, దానిలోకి కారు ముందు గ్రిల్ నుంచి చల్లటి గాలి తెచ్చే గొట్టం. నిజం చెప్పాలంటే కంపెనీ బాక్సు చేస్తున్నది కూడా అదే. అందుకే, టర్బో లేని చిన్న కార్ల వారికి పాత బాక్సునే ఉంచి, అందులో నాణ్యమైన ప్యానెల్ ఫిల్టరు వేసుకోవడం ఉత్తమమని నా అభిప్రాయం.

చల్లగాలి కోసం ఫిల్టరును బంపరు లోపలికి, చక్రం పక్కకు దించేవారు వానాకాలాన్ని గుర్తుంచుకోవాలి. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో నీళ్లు నిలిచిన తీరు తెలిసిందే. నేలకు అడుగు ఎత్తున ఉన్న ఫిల్టరు అంతకన్నా తక్కువ నీటిలోనే తడుస్తుంది. నీళ్లు సిలిండర్లోకి వెళ్తే, గాలిలా కుదించుకుపోవు కనుక కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. నీటిలో ఆగిపోయిన ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేయకుండా, ప్లగ్గులు విప్పించి చూసిన తర్వాతే తిప్పాలి.

ఉష్ణోగ్రత రీడింగు మైనస్ 40 డిగ్రీలు చూపి, పీ0113 కోడ్ వస్తే కారణం ఇంకా చిన్నది: గాలి ఉష్ణోగ్రత సెన్సర్ ప్లగ్గు తగిలించడం మరిచిపోయారు, లేదా వైరు తెగింది. గాలి గడ్డకట్టేంత చల్లగా ఉందనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువగా పోస్తుంది. సెన్సర్‌ను గాలిలో వేలాడదీయకుండా గొట్టంలోనే అమర్చాలి.

కింది ఆర్‌పీఎంలో పికప్ తగ్గడం

సైలెన్సరు మార్చాక రెండో గేరులో స్పీడు బ్రేకరు దాటేటప్పుడు బండి బరువుగా కదిలి, 4000 దాటాక మాత్రం పరుగెత్తుతుంటే, గొట్టం మరీ వెడల్పు అయిందన్నమాట. టర్బో లేని ఇంజన్లో బయటికి వెళ్లే వాయువు వేగమే తర్వాతి వాయువును లాగడానికి సాయపడుతుంది; గొట్టం పెద్దదైతే వాయువు చల్లబడి, నెమ్మదించి ఆ లాగుడు పోతుంది. వంద లోపు బీహెచ్‌పీ ఉన్న ఇంజన్‌కు 1.75 నుంచి 2 అంగుళాలు చాలు, రెండున్నర అంగుళాలు అనవసరం. హెడర్ (సిలిండర్ల నుంచి వచ్చే ఎగ్జాస్ట్ గొట్టాల సెట్టు) కూడా మార్చేవారు రోడ్డు మీద తిరిగే కారుకు నాలుగు గొట్టాలూ ఒకేసారి ఒకటయ్యే 4-1 కన్నా, ముందు రెండుగా, తర్వాత ఒకటిగా కలిసి మధ్య ఆర్‌పీఎంలో టార్క్ ఇచ్చే 4-2-1 ఎంచుకోవాలి. టర్బో కార్ల దారి వేరు: టర్బైన్ తర్వాత గొట్టం ఎంత వెడల్పైతే టర్బోకు అంత ఊపిరి. అయినా అక్కడా అసలు లాభం ఈసీయూ రీమ్యాప్‌తో (దాని లెక్కలను తిరగరాయడంతో) కలిపినప్పుడే వస్తుంది.

మైలేజీ పడిపోవడం, పెట్రోలు వాసన, చల్లని ఇంజన్లో టిక్‌టిక్ శబ్దం

ఉదయం స్టార్ట్ చేయగానే బానెట్ ముందు వైపు నుంచి టిక్‌టిక్‌మని వినిపించి, ఇంజన్ వేడెక్కాక ఆగిపోయే శబ్దం దాదాపు ఎప్పుడూ ఎగ్జాస్ట్ గాస్కెట్ లీకేజీదే. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటుంది. ఎగ్జాస్ట్‌లో పీడనం తరంగాలుగా కదులుతుంది కనుక, ఆ సందు వాయువును బయటికి వదలడమే కాక, మధ్య మధ్యలో బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ సందు ఇంజన్‌కూ ముందు ఆక్సిజన్ సెన్సర్‌కూ మధ్య ఉంటే, ఆ గాలిలోని ఆక్సిజన్ చూసి సెన్సర్ ఇంధనం చాలడం లేదని తప్పుగా చెబుతుంది. ఈసీయూ పెట్రోలు పెంచుతుంది. కోడ్ పీ0171 వచ్చినా ప్లగ్గులు విప్పితే తెల్లగా కాక, నల్లగా మసి పట్టి ఉండటం ఈ తప్పుకు గుర్తు. యాక్సిలరేటర్ వదలగానే వెనుక నుంచి పటపటమని వినిపించే చప్పుళ్లకూ తరచుగా ఇలాంటి సందే కారణం.

చల్లని ఇంజన్‌ను స్టార్ట్ చేసి, వెనుక గొట్టం మూతిని దళసరి గుడ్డతో ఒకరు కొద్దిసేపు అదిమి పట్టుకుంటే, మరొకరు జాయింట్ల మీద సబ్బు నీళ్లు పోసి బుడగలు చూడవచ్చు. పంక్చరు షాపులో ట్యూబును చూసే పద్ధతే ఇదీ. ఫ్లాంజ్ (గొట్టాలు కలిసే చోట బోల్టులు పట్టే పళ్లెం) అంచున చారలా కనిపించే నల్ల మసి కూడా చోటు చెబుతుంది. పాత గాస్కెట్‌ను మళ్లీ వాడకుండా కొత్తది వేసి, బోల్టులను ఒక్కసారిగా కాక వంతుల వారీగా బిగించాలి. గాస్కెట్‌కు బదులు మామూలు సిలికాన్ పూయడం మాత్రం వద్దు. దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ను పాడు చేస్తుంది. కొత్త గొట్టానికి సెన్సర్ కోసం వెల్డింగ్ చేయించేటప్పుడు, లోపల చేరే నీటి బొట్లు దానిలో నిలవకుండా సెన్సర్ తల పైకి, అడ్డు గీతకు కనీసం పది డిగ్రీల వాలులో ఉండేలా చూడాలి.

పీ0420 కోడ్

కెటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) సరిగా పనిచేయడం లేదని ఈ కోడ్ అర్థం; దాన్ని తీసేసినా, నాసిరకంది వేసినా ఇది వస్తుంది. కన్వర్టర్ తర్వాత ఉండే వెనుక ఆక్సిజన్ సెన్సర్‌ను మోసం చేసే స్పేసర్లు అమ్ముతారు గానీ, అది మరమ్మతు కాదు. కన్వర్టర్‌ను తిరిగి బిగించి, మార్పును దాని తర్వాతి గొట్టానికే పరిమితం చేయాలి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటిన వాహనానికి మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 2019 సవరణ తర్వాత పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు శిక్ష పడవచ్చు. పట్టుకున్న మోటారు సైకిళ్ల సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించడం మన నగరాల్లో కొత్తేమీ కాదు.

హైవే మీద చెవులు హోరెత్తడం, అడుగున గలగల

ఒకే వేగంలో వెళ్తున్నప్పుడు లోపల ఎడతెగని హోరు వస్తుంటే, అది ఏ ఆర్‌పీఎంలో వస్తోందో గమనించాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్లో ఆర్‌పీఎంను 30తో భాగిస్తే ఆ హోరు పౌనఃపున్యం వస్తుంది. 2400 దగ్గర 80 హెర్ట్జ్. పెద్ద మఫ్లర్ వేసినా ఇంత లోతైన శబ్దం లొంగకపోవచ్చు. మధ్యలో రెజొనేటరు (కొన్ని పౌనఃపున్యాల శబ్దాన్ని అణిచే డబ్బా) పెట్టాలి, లేదా గొట్టానికి పక్కగా చివర మూసిన ఒక కొమ్మ వెల్డింగ్ చేయించాలి. ఆ కొమ్మ పొడవు శబ్ద తరంగం పొడవులో నాలుగో వంతు ఉండాలి. దాదాపు 300 డిగ్రీల వేడి వాయువులో శబ్దం సెకనుకు 480 మీటర్లు వెళ్తుంది కనుక, 80 హెర్ట్జ్‌కు ఒకటిన్నర మీటరు కావాలి. కారు కింద అంత చోటుందో లేదో ముందు కొలుచుకోవాలి.

గతుకుల్లో గలగలమంటే సాధారణంగా హీట్ షీల్డ్ (వేడిని అడ్డుకునే రేకు) బోల్టు వదులైనా అయి ఉంటుంది, రబ్బరు హ్యాంగర్లు సాగినా ఉంటాయి. కారును లిఫ్టు మీదికెత్తి, ఎగ్జాస్ట్ చల్లగా ఉన్నప్పుడు గొట్టాన్ని చేత్తో నాలుగు వైపులా ఊపితే ఎక్కడ తగులుతోందో అక్కడే తెలుస్తుంది. వేడికి గొట్టం కొంత పొడవు సాగుతుంది కాబట్టి, తగిలే చోట వేలు దూరేంత సందు వదిలి మళ్లీ బిగించాలి.