సంక్రాంతికి ఊరెళ్తున్నారా? బండి తీసే ముందు ఇవి చూసుకోండి

విశాఖ నుంచి విజయనగరం, శ్రీకాకుళం పల్లెలకు సొంత బండి మీద వచ్చేవాళ్ల కోసం ఇది.

• ఊరి జంక్షన్లలో హైవే స్పీడు వద్దు. నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు 100, బైకులకు 80 కిలోమీటర్లు గరిష్ఠ పరిమితి. బోర్డు మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే అదే లెక్క. 80లో వెళ్తే సెకనుకు 22 మీటర్లు దాటేస్తాం. రణస్థలం, నరసన్నపేట వైపు డివైడర్ సందులోంచి ఎవరైనా గడ్డిమోపుతో రోడ్డు మీదకు దిగితే, బ్రేకు మీద కాలు పడేలోపే మీద పడిపోతాం. ప్రాణాలు పోయేది ఇలాంటి చోటే. దయచేసి ముందే తగ్గించండి.

• పిల్లల చేతికి తాళాలివ్వకండి. 18 నిండనివాళ్లు నడిపి కేసయితే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా.

• భోగి తెల్లవారుజామున మంచు ఎక్కువైతే బోర్డు మీది అంకె మర్చిపోండి. కనిపించే దూరంలో ఆగగలిగేంత స్పీడే చాలు.

• సైకిల్‌కి స్పీడు చలానా రాదు. కానీ మంచులో వెనక ఎర్ర రిఫ్లెక్టర్ లేకపోతే లారీవాడికి మీరు కనపడరు. మట్టి పట్టి ఉంటే తుడవండి.

• బావగారి బండి తీసుకెళ్తున్నారా? స్పీడ్ గన్‌కి దొరికితే చలానా ఆయన పేరు మీదే వస్తుంది. ముందే చెప్పి ఉంచండి.

• చలానా అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించేది) తెరవకండి, బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. ప్రభుత్వ ఈ-చలానా సైట్లో బండి నంబరు కొట్టి చూసుకోండి.