ట్రైనీ సొలిసిటర్ దరఖాస్తు: ఫర్మ్ పేరు మార్చి చదవండి

ఇంగ్లండ్‌లోని లా ఫర్మ్‌లలో ట్రైనీ సొలిసిటర్ (శిక్షణలో ఉన్న లాయర్) పోస్టులకు అప్లై చేస్తున్నారా? "మా ఫర్మే ఎందుకు?" అన్న ప్రశ్నకు జవాబు రాశాక, అందులో పేరు తీసేసి ఇంకో ఫర్మ్ పేరు పెట్టి చదవండి. అప్పుడూ అతికినట్టు సరిపోయిందంటే ఆ జవాబు దండగ. "అంతర్జాతీయ ఖ్యాతి, చక్కటి శిక్షణ" అందరూ రాసేదే. బదులుగా వాళ్లు ఈమధ్య చేసిన ఒక్క డీల్ తీసుకోండి. అందులో ఏ విభాగం ఏం చేసింది, మీరు చేసిన ఇంటర్న్‌షిప్‌కో లీగల్ క్లినిక్ (ఉచిత న్యాయ సలహా కేంద్రం) పనికో అదెక్కడ కలుస్తుంది, రెండు మూడు వాక్యాల్లో చెప్పండి.

పాత అప్లికేషన్ కాపీ చేస్తే మొదటి ఫర్మ్ పేరు ఎక్కడో ఒకచోట మిగిలిపోతుంది. పంపేముందు సెర్చ్ కొట్టి చూడండి. పెద్ద ఫర్మ్‌లు శిక్షణ మొదలవడానికి సుమారు 2 ఏళ్ల ముందే ట్రైనీలను తీసుకుంటాయి, కొన్ని ఫర్మ్‌లు దరఖాస్తులను వచ్చినవి వచ్చినట్టే పరిశీలిస్తాయి. గడువు చివరి రోజు దాకా ఆగకండి.