వానలు మొదలయ్యేలోపే ఫ్లూకి సిద్ధమవ్వండి: 1918 నేర్పిన జాగ్రత్తలు

మన దేశంలో ఫ్లూ ఏటా రెండుసార్లు విజృంభిస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలంలోనూ దాని వెనువెంటనే మరోసారి. వానాకాలంలో డెంగీ, మలేరియా, టైఫాయిడ్ కూడా ఉంటాయి కాబట్టి వచ్చింది ఏ జ్వరమో తేలేసరికే నాలుగు రోజులు గడిచిపోతాయి. అందుకే కొన్ని పనులు ముందే చేసిపెట్టుకోవాలి. ఏ పనులన్నది తెలియాలంటే ప్రపంచమంతా చుట్టేసిన 1918 ఫ్లూ మహమ్మారి మీద జరిగిన పరిశోధనలు చూడాలి. అంత నష్టం మరే ఫ్లూ వల్లా జరగలేదు, అంత లోతుగా శాస్త్రవేత్తలు మరే ఫ్లూనీ తవ్విచూడలేదు.

తవ్వడమంటే నిజంగానే తవ్వారు. అలాస్కాలో బ్రెవిగ్ మిషన్ అనే చిన్న ఊళ్లో 1918 నవంబరులో 80 మంది పెద్దవాళ్లలో 72 మంది చనిపోయారు. వాళ్లని పూడ్చిన నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. యోహన్ హుల్టిన్ అనే పరిశోధకుడు 1951లో అక్కడికి వెళ్లి ఊపిరితిత్తుల ముక్కలు తెచ్చాడు గానీ వాటిలోంచి వైరస్‌ని పెంచలేకపోయాడు. 1997లో, డెబ్భై దాటాక, ఊరివాళ్ల అనుమతితో మళ్లీ తవ్వాడు. ఒక స్థూలకాయురాలి ఊపిరితిత్తులు కొవ్వు పొర చాటున చెడిపోకుండా ఉన్నాయి. ఆ కణజాలమూ, అమెరికా సైన్యం దాచి ఉంచిన పోస్ట్‌మార్టం నమూనాలూ కలిపి అమెరికా శాస్త్రవేత్త జెఫరీ టౌబెన్‌బర్గర్ బృందం 2005 నాటికి ఆ వైరస్ జన్యుక్రమం మొత్తం చదివింది.

మనకి అంతకన్నా అక్కరకొచ్చే సంగతి 2008లో బయటపడింది. టౌబెన్‌బర్గర్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు మోరెన్స్, ఫౌచీ కలిసి 1918 నాటి 58 మంది ఊపిరితిత్తుల నమూనాలు పరీక్షించారు, ఎనిమిది వేలకు పైగా పాత పోస్ట్‌మార్టం వివరాలు తిరగేశారు. చనిపోయినవాళ్లలో అత్యధికులను కడతేర్చింది వైరస్ ఒక్కటే కాదు, దాని వెనక వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా. వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. మామూలుగా ముక్కులో, గొంతులో ఉండే సూక్ష్మజీవులు ఆ దెబ్బతిన్న దారిన కిందికి దిగుతాయి.

కాబట్టి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాల్సిన మొదటి మాట: తగ్గి తిరగబెట్టిన జ్వరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మూడో రోజుకో నాలుగో రోజుకో తగ్గింది, మనిషి లేచి తిరిగాడు, మళ్లీ చలితో జ్వరం వచ్చింది, దగ్గు ముదిరింది, ఛాతీలో పొడుస్తోంది అంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

చిన్నపిల్లలు చెప్పలేరు కాబట్టి ఊపిరి లెక్కపెట్టడం ఇప్పుడే నేర్చుకోండి. పాప నిద్రలో ఉన్నప్పుడో, ఏడవకుండా ఒళ్లో ఉన్నప్పుడో గౌను పైకి తీసి పొట్ట చూడండి. పొట్ట ఒకసారి లేచి పడితే ఒక ఊపిరి. గడియారం చూస్తూ పూర్తిగా నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే తప్పు వస్తుంది. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకి 50, ఏడాది నుంచి అయిదేళ్ల దాకా 40, ఆ అంకె తాకినా దాటినా డాక్టరుకి చూపించాలి. పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతుంటే లెక్క కూడా అక్కర్లేదు, బయల్దేరండి. పెద్దవాళ్లకి కోవిడ్ నాడు కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఉంటే బ్యాటరీ మార్చి అందుబాటులో పెట్టండి. అందులో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గితే ఆలస్యం చేయొద్దు.

బ్యాక్టీరియా భయం ఉందని మొదటి రోజే అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ మింగకండి. అది వైరస్‌ని ఏమీ చేయదు, రాబోయే న్యుమోనియాని ఆపుతుందన్న భరోసా కూడా లేదు. యాంటీబయాటిక్ ఎప్పుడు కావాలో డాక్టరు చూసి చెప్పాలి. ఊళ్లో ఎవరో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో జ్వరం అణిగినట్టే ఉంటుంది, లోపల జబ్బు ముదురుతున్నా బయటికి తెలియదు. దయచేసి అది మాత్రం చేయించుకోవద్దు. ఫ్లూ వైరస్‌కి ఒసెల్టమివిర్ అనే మందు ఉంది, మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. గర్భిణులు, అరవై దాటినవాళ్లు, ఉబ్బసం, షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్లు రెండో రోజుకి వాయిదా వేయకుండా వెళ్లాల్సింది అందుకే. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ వద్దు: డెంగీ అయితే రక్తస్రావం ప్రమాదం, పిల్లలకి మెదడునీ కాలేయాన్నీ దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్ ముప్పు. గుండెజబ్బుకి రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా మానేయకుండా డాక్టర్ని అడగాలి.

ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. వానలకి ముందు, ఏప్రిల్–మే నెలల్లో, మన ప్రాంతానికి సరైన సమయం. పెద్దవాళ్లకి న్యూమోకాకల్ టీకా గురించి కూడా డాక్టర్ని అడగండి, వెనక వచ్చే ఆ న్యుమోనియాకి అది కొంత అడ్డు. పిల్లలకి ఇదే టీకా ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిదో నెలలో ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. కార్డు తీసి ఏ డోసూ తప్పలేదని చూసుకోండి.

1918 గణాంకాల్లో నన్ను బాగా కలచివేసినది మన దేశానిదే. బ్రిటిష్ పాలిత జిల్లాల్లోనే దాదాపు 1.4 కోట్ల మంది పోయారని 2012లో వచ్చిన ఒక అంచనా. జూన్‌లో బొంబాయిలో మొదలైన తొలి అల తగ్గాక, సెప్టెంబరులో వచ్చిన రెండోదే ప్రాణాలు తీసింది. అదే ఏడాది నైరుతి వానలు ముఖం చాటేశాయి, తిండి కరువు. బొంబాయి ప్రెసిడెన్సీలో ఇరవై నుంచి నలభై ఏళ్ల వాళ్లే ఎక్కువగా పోయారు, వాళ్లలోనూ మగవాళ్లకన్నా ఆడవాళ్లు ఎక్కువ. రోగికి సేవ చేసేదీ, చివర తినేదీ ఆవిడే కదా అని అనుకోకుండా ఉండలేం. మన ఇళ్లలో ఈ రోజుకీ 102 జ్వరంతో స్టవ్ దగ్గర నిలబడేది ఎవరు? ఆవిడ పడుకుంటే వంట ఎవరు చేస్తారో, పిల్లల్ని ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోండి. ఇది కూడా టీకా అంత ముఖ్యమైన ఏర్పాటు.

జనం గుమిగూడే చోట్ల సంగతి అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం 1918 సెప్టెంబరు 28న సుమారు రెండు లక్షల మందితో ఊరేగింపు జరిపింది, అక్కడే సెయింట్ లూయిస్ నగరం అక్టోబరు మొదటివారంలోనే బడులూ సినిమాహాళ్లూ మూసింది. ఆ తర్వాతి వారాల్లో మరణాల రేటు సెయింట్ లూయిస్‌లో చాలా తక్కువ. జ్వరం ఉంటే పెళ్లికో శ్రీమంతానికో వెళ్లకండి, మాత్ర వేయకుండా 24 గంటలు జ్వరం రాకుంటేనే బయటికి. పిల్లల్ని బడికి పంపడమూ అంతే. ఇంట్లో కిటికీలు తెరిచి ఉంచండి, రోగీ, సేవ చేసేవాళ్లూ మాస్క్ పెట్టుకోండి.

కోళ్ల ఫారాలున్న ఊళ్లవాళ్లకి ఇంకొక్క మాట. 2025 మొదట్లో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూతో కోళ్లు పెద్దఎత్తున చచ్చాయి, అదే ఏడాది పల్నాడు జిల్లాలో ఒక చిన్నపాప ఆ వైరస్‌తో చనిపోయింది. చచ్చిన కోడిని చేత్తో ముట్టుకోకుండా పశువైద్యుడికి కబురు చేయండి. మాంసం, గుడ్లు బాగా ఉడికించే తినాలి, కోస్తున్నప్పుడు పచ్చి ముక్క పిల్లల చేతికి ఇవ్వకండి. కోళ్ల దగ్గర పనిచేసే మనిషికి జ్వరం వస్తే, ఆ సంగతి డాక్టరు అడక్కముందే చెప్పండి.