కెర్నెల్ కోడ్‌లో స్పార్స్ టైప్ వార్నింగ్‌లు: లక్షణం, కారణం, పరిష్కారం

సి కంపైలర్‌కు పాయింటర్ అంటే పాయింటరే. అది కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి ప్రధాన భాగం) మెమరీని చూపుతోందా, యూజర్ ప్రాసెస్ మెమరీనా, పరికరం రిజిస్టర్లనా అన్నది దానికి పట్టదు. 32 బిట్ల సంఖ్యలో బైట్లు ఏ వరుసలో ఉన్నాయో కూడా అడగదు. లినక్స్ కెర్నెల్‌లో ఈ రెండూ ప్రాణాంతకమైన తేడాలు. అందుకే లైనస్ టోర్వాల్డ్స్ 2003లో స్పార్స్ అనే, కోడ్‌లో టైప్ తప్పులు పట్టే తనిఖీ ప్రోగ్రామ్‌ను రాయడం మొదలుపెట్టారు. కెర్నెల్ హెడర్లలో __యూజర్, __ఐఓమెమ్, __ఆర్‌సీయూ, __బిట్‌వైజ్ అంటూ కనిపించే గుర్తులన్నీ ప్రధానంగా దానికోసమే. మామూలు బిల్డ్‌లో వీటిలో చాలావరకు ఏమీ లేనట్టే మాయమైపోతాయి.

ఈ వార్నింగ్‌లతో కుస్తీ పట్టేవాళ్లు ముందుగా ఒక విషయం పట్టుకోవాలి. స్పార్స్ చూపించే లైను, తప్పు బయటపడిన చోటు మాత్రమే. తప్పు పుట్టింది చాలాసార్లు డిక్లరేషన్‌లో: ఒక స్ట్రక్ట్ ఫీల్డ్‌లో, ఫంక్షన్ పరామితిలో, ఎవరో ఎప్పుడో వదిలేసిన లోకల్ వేరియబుల్‌లో. వార్నింగ్ వచ్చిన లైనులోనే ఒక క్యాస్ట్ (బలవంతపు టైప్ మార్పు) పెడితే నోరు మూస్తుంది, జబ్బు అలాగే ఉంటుంది. విలువ ఎక్కడినుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లి, అక్కడ టైప్ సరిచేయాలి. కింద చెప్పినవన్నీ దాదాపు ఈ ఒక్క పని తీరుతెన్నులే.

వార్నింగ్ రాకపోవడం, లేదా వందలకొద్దీ రావడం

లక్షణం: టెస్ట్ రోబోట్ (పంపిన మార్పులను తనంతట తానే తనిఖీ చేసే వ్యవస్థ) నుంచి మీ ప్యాచ్ మీద రిపోర్ట్ వచ్చింది. మీ దగ్గర "మేక్ సి=1" కొడితే ఏమీ కనబడదు.

కారణం: సి=1 అప్పుడు కంపైల్ అవుతున్న ఫైళ్లనే తనిఖీ చేస్తుంది. ఆబ్జెక్ట్ ఫైలు ముందే తయారై ఉంటే ఆ ఫైలును ముట్టుకోదు. దాన్ని చూసి కోడ్ శుభ్రంగా ఉందనుకునేవాళ్లు చాలామంది.

పరిష్కారం: "మేక్ సి=2 డ్రైవర్స్/ఫలానా/ఫలానా.ఓ" అని ఆ ఒక్క ఆబ్జెక్ట్‌కే నడపండి. సి=2 అంటే మళ్లీ కంపైల్ అవసరం ఉన్నా లేకున్నా తనిఖీ చేయమని. అయినా రాకపోతే రిపోర్ట్‌తో వచ్చిన కాన్ఫిగ్ ఫైలు వాడండి. ఆర్కిటెక్చర్ మారినా, కాన్ఫిగ్ మారినా లోపలికి వచ్చే కోడే మారిపోతుంది.

దీనికి తలకిందులుగా, మీ ఫైలుతో సంబంధం లేని హెడర్లలోంచి వందల ఎర్రర్లు కురుస్తుంటే, మీ స్పార్స్ పాతది. డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే ప్యాకేజీ కొత్త కెర్నెల్ వాడే అట్రిబ్యూట్‌లను అర్థం చేసుకోలేకపోవచ్చు. కెర్నెల్.ఆర్గ్ గిట్ నుంచి తాజా స్పార్స్ తెచ్చి బిల్డ్ చేసుకోండి. ఇది చేయకుండా ఒక్క వార్నింగ్ కూడా సరిచేయడం మొదలుపెట్టకండి.

"డిఫరెంట్ అడ్రస్ స్పేసెస్": యూజర్ పాయింటర్లు

లక్షణం: ఆర్గ్యుమెంట్ టైప్ సరికాదంటూ, ఎక్స్‌పెక్టెడ్ వైపు మామూలు పాయింటర్, గాట్ వైపు [నోడెరెఫ్] __యూజర్ అని చూపిస్తుంది. లేదా "డీరిఫరెన్స్ ఆఫ్ నోడెరెఫ్ ఎక్స్‌ప్రెషన్" అంటుంది.

ఈ రెండో వార్నింగ్‌ను మాత్రం ఎప్పుడూ తేలిగ్గా తీసుకోవద్దు. యూజర్ స్పేస్ (మామూలు ప్రోగ్రామ్‌లు నడిచే చోటు) ఇచ్చిన అడ్రస్‌ను కెర్నెల్ నేరుగా చదువుతోందని దానర్థం. ఆ అడ్రస్ చెల్లకపోవచ్చు, అప్పుడు ఊప్స్ (కెర్నెల్ లోపలి క్రాష్) వస్తుంది. దురుద్దేశంతో కెర్నెల్ అడ్రస్‌నే పంపితే భద్రతకే గండి. స్మ్యాప్ ఉన్న ఎక్స్86 ప్రాసెసర్ మీద, ప్యాన్ ఉన్న ఆర్మ్ మీద (రెండూ కెర్నెల్ యూజర్ మెమరీని నేరుగా ముట్టుకోకుండా ఆపే హార్డ్‌వేర్ రక్షణలు) ఇలాంటి యాక్సెస్ అక్కడికక్కడే ఫాల్ట్ అవుతుంది. అవి లేని హార్డ్‌వేర్ మీద ఏళ్ల తరబడి "పనిచేస్తూ" ఉంటుంది, అదే అసలు ప్రమాదం.

పరిష్కారం: విలువను కాపీ_ఫ్రమ్_యూజర్()తో గానీ గెట్_యూజర్()తో గానీ కెర్నెల్‌లోకి తెచ్చుకుని, ఆ కాపీ మీదే పని చేయండి. తిరిగి వచ్చే ఫలితాన్ని తప్పక చూడండి. కాపీ_ఫ్రమ్_యూజర్() తిరిగిచ్చేది ఎర్రర్ కోడ్ కాదు, కాపీ కాకుండా మిగిలిపోయిన బైట్ల సంఖ్య. అది సున్నా కాకపోతే -ఈఫాల్ట్ (అడ్రస్ చెల్లదనే ఎర్రర్ కోడ్) ఇవ్వాల్సింది మీరే.

పాయింటర్ ఇప్పటికే సరిగ్గా కాపీ_ఫ్రమ్_యూజర్()కే వెళుతోంది, అయినా వార్నింగ్ వస్తోందా? అయితే దారిలో ఎక్కడో గుర్తు జారిపోయింది. మధ్యలో ఉన్న ఫంక్షన్ "వాయిడ్ *బఫ్" అని తీసుకుంటోందేమో చూడండి. దాన్ని "వాయిడ్ __యూజర్ *బఫ్" చేయండి. దాన్ని పిలిచేవాళ్లలోనూ అలాగే మార్చుకుంటూ సిస్టమ్ కాల్ ముఖద్వారం దాకా వెళ్లండి. ఐఆక్టల్ (పరికరానికి ఆదేశాలు పంపే సిస్టమ్ కాల్) ద్వారా వచ్చే స్ట్రక్ట్‌లో అడ్రస్ 64 బిట్ల పూర్ణాంకంగా ఉంటే, చేత్తో క్యాస్ట్ చేయకుండా యూ64_టు_యూజర్_పీటీఆర్() వాడండి.

గుర్తును ఎక్కడ పెడుతున్నారో జాగ్రత్త. నక్షత్రానికి (*) ముందు పెడితే, పాయింటర్ చూపే వస్తువు యూజర్ మెమరీలో ఉందని. నక్షత్రం తర్వాత పెడితే, పాయింటర్ తానే యూజర్ మెమరీలో ఉందని. కొత్త ప్రోగ్రామ్‌ను నడిపే ఎగ్జెక్‌వీఈ కాల్‌కు వచ్చే ఆర్గ్‌వీలో రెండూ నిజమే: అక్షరాలూ యూజర్ మెమరీలోనే, వాటిని చూపే పాయింటర్ల పట్టికా యూజర్ మెమరీలోనే. అందుకే అక్కడ __యూజర్ రెండుసార్లు కనిపిస్తుంది. మామూలు డ్రైవర్ కోడ్‌లో నక్షత్రం తర్వాత __యూజర్ కనిపిస్తే, దాదాపు ఎప్పుడూ అది పొరపాటే.

ఇక కష్టమైన సందర్భం: ఒకే ఫంక్షన్‌ను కొందరు యూజర్ పాయింటర్‌తో, కొందరు కెర్నెల్ పాయింటర్‌తో పిలుస్తారు. ఏ గుర్తు పెట్టినా ఒక వైపు వార్నింగ్ వస్తుంది. ఒకప్పుడు ఇలాంటి చోట సెట్_ఎఫ్ఎస్()తో (యూజర్ కాపీ ఫంక్షన్లు కెర్నెల్ అడ్రస్‌నూ ఒప్పుకునేలా చేసేది) గట్టెక్కేవారు. కెర్నెల్ 5.18 నాటికి దాన్ని పూర్తిగా తీసేశారు. ఫంక్షన్‌ను రెండుగా విడగొట్టడమే సరైన దారి: బయటిది యూజర్ డేటాను కాపీ చేసుకుంటుంది, లోపలిది కెర్నెల్ పాయింటర్‌తో అసలు పని చేస్తుంది. సెట్‌సాక్‌ఆప్ట్ (సాకెట్ సెట్టింగ్‌లు మార్చే కాల్) లాంటి చోట్ల సాక్‌పీటీఆర్_టీ అనే టైప్ ఉంది, ఏ రకం పాయింటరో అది తనతోనే మోసుకెళుతుంది.

పరికర రిజిస్టర్లు

పరికరం రిజిస్టర్లను కెర్నెల్ అడ్రస్‌లకు కలిపే ఐఓరీమ్యాప్() ఇచ్చేది __ఐఓమెమ్ పాయింటర్. దాన్ని మామూలు పాయింటర్‌లో దాచుకుంటే అవే "డిఫరెంట్ అడ్రస్ స్పేసెస్" వార్నింగ్‌లు. డ్రైవర్ ప్రైవేట్ స్ట్రక్ట్‌లోని "బేస్" ఫీల్డ్‌కు __ఐఓమెమ్ చేర్చండి, చాలావరకు తగ్గిపోతాయి. మిగిలినవి నేరుగా డీరిఫరెన్స్ చేసే చోట్లు, లేదా మెమ్‌కాపీ()కి ఇచ్చే చోట్లు. మొదటివాటికి రీడ్ఎల్(), రైట్ఎల్() వాడండి; రెండోవాటికి మెమ్‌కాపీ_ఫ్రమ్ఐఓ(), మెమ్‌కాపీ_టుఐఓ(). నేరుగా డీరిఫరెన్స్ చేసినా ఎక్స్86 మీద నడుస్తుందన్న వాదన వినిపిస్తుంది. కంపైలర్ ఆ యాక్సెస్‌లను కలిపేయవచ్చు, విడగొట్టవచ్చు, అసలు తీసేయవచ్చు. ఆర్డరింగ్ హామీ కూడా ఏదీ ఉండదు. ఆ వాదనను పట్టించుకోవద్దు.

"డిఫరెంట్ బేస్ టైప్స్", "డిగ్రేడ్స్ టు ఇంటిజర్": బైట్ల వరుస

అన్నిటికంటే ఎక్కువ అసలు బగ్‌లు దొరికేది ఇక్కడే. చాలామంది ఎక్కువ తేలిగ్గా కొట్టిపారేసేదీ ఇక్కడే. మనం రోజూ వాడే యంత్రాలు లిటిల్ ఎండియన్ (సంఖ్యలో చిన్న స్థానాల బైటును ముందు పెట్టేవి; బిగ్ ఎండియన్ దీనికి తలకిందులు) కావడమే దానికి కారణం. వాటి మీద, విలువను లిటిల్ ఎండియన్‌కు మార్చే సీపీయూ_టు_ఎల్ఈ32() ఏ పనీ చేయదు. అది ఉన్నా లేకున్నా ఫలితం ఒకటే. ఎస్390 లాంటి బిగ్ ఎండియన్ యంత్రం మీద అదే కోడ్ పొడవు 16 అనాల్సిన చోట 26,84,35,456 అంటుంది.

లక్షణం: పరికరానికి ఇచ్చే డిస్క్రిప్టర్‌లో (చేయాల్సిన పని వివరాలున్న స్ట్రక్ట్) "డెస్క్->లెన్ = సీపీయూ_టు_ఎల్ఈ32(లెన్)" అని చక్కగా రాశారు. అయినా ఎక్స్‌పెక్టెడ్ అన్‌సైన్డ్ ఇంట్, గాట్ రెస్ట్రిక్టెడ్ __ఎల్ఈ32 అని వార్నింగ్.

కారణం: లైను సరైనదే, స్ట్రక్ట్ తప్పు. "లెన్" ఫీల్డ్‌ను యూ32 అని డిక్లేర్ చేశారు.

పరిష్కారం: ఫీల్డ్ టైప్‌ను __ఎల్ఈ32 చేయండి. అప్పుడు ఒక వార్నింగ్ పోయి పది కొత్తవి రావచ్చు. కంగారుపడి వెనక్కి మార్చేయకండి, మీకు కావలసింది అవే. మార్పిడి లేకుండా ఆ ఫీల్డ్‌ను చదువుతున్న ప్రతి చోటునూ స్పార్స్ మీ ముందు పెడుతోంది. ఒక్కొక్కటీ చూడండి.

పెద్దదా చిన్నదా అని పోల్చే చోట "డిగ్రేడ్స్ టు ఇంటిజర్" వస్తుంది. అక్కడ ముందు ఎల్ఈ32_టు_సీపీయూ()తో మార్చుకుని తర్వాత పోల్చాలి. ఫ్లాగ్‌ను పరీక్షించే చోట వేరియబుల్‌ను కాకుండా స్థిరాంకాన్ని మార్చండి: "డెస్క్->ఫ్లాగ్స్ & సీపీయూ_టు_ఎల్ఈ32(బిట్(3))". స్థిరాంకం మార్పిడి కంపైల్ సమయంలోనే అయిపోతుంది, నడిచేటప్పుడు ఖర్చు ఉండదు. నెట్‌వర్కింగ్ కోడ్‌లో ప్రోటోకాల్ ఫీల్డ్‌ను హెచ్‌టాన్స్(ఈటీహెచ్_పీ_ఐపీ)తో పోల్చడం ఈ పద్ధతే. ఒకే రకం టైప్‌ల మధ్య సమానమా కాదా అని చూడడం, బిట్ల ఆపరేషన్లు స్పార్స్‌కు సమ్మతమే. కూడికలు మాత్రం ఒప్పుకోదు, ఎందుకంటే తారుమారైన బైట్ల మీద కూడికకు అర్థం లేదు. దానికి ఎల్ఈ32_యాడ్_సీపీయూ() ఉంది. సున్నా ఏ వరుసలోనైనా సున్నాయే కాబట్టి దానికి మార్పిడి అడగదు.

"క్యాస్ట్ టు రెస్ట్రిక్టెడ్ __బీఈ32" వస్తే, సాధారణంగా ఒకే వేరియబుల్‌లో రెండు వరుసలు కాపురం చేస్తున్నాయని అర్థం: "వాల్ = బీఈ32_టు_సీపీయూ(వాల్)". రెండు వేరియబుల్స్ పెట్టండి. వచ్చింది __బీఈ32లో, మార్చింది యూ32లో. కంపైలర్ రెండింటినీ ఒకే రిజిస్టర్‌లో పెట్టుకోగలదు, కాబట్టి దీనివల్ల నష్టం లేదు.

దీనికి ఒక విషపు రూపం ఉంది: "ఎల్ఈ32_టు_సీపీయూ(రీడ్ఎల్(రెగ్))". చూడడానికి మహా జాగ్రత్తగా రాసినట్టుంటుంది. కానీ రీడ్ఎల్() తానే లిటిల్ ఎండియన్ నుంచి మార్చి ఇస్తుంది. బిగ్ ఎండియన్ మీద రెండుసార్లు తిరగబడి తప్పు విలువ వస్తుంది. బయటి మార్పిడిని తీసేయాలి. దీన్ని __ఫోర్స్ క్యాస్ట్‌తో (స్పార్స్ తనిఖీని బలవంతంగా దాటేసేది) "సరిచేసిన" ప్యాచ్ ఒక బగ్‌ను శాశ్వతం చేసినట్టే. రిజిస్టర్ నిజంగా బిగ్ ఎండియన్ అయితే ఐఓరీడ్32బీఈ() వాడండి.

ఇతర ప్రత్యేక టైప్‌లు

__ఎల్ఈ32 లాంటి టైప్‌ల వెనకున్న __బిట్‌వైజ్ పద్ధతిని బైట్ల వరుసతో సంబంధం లేని చోట్లా వాడతారు. కెర్నెల్‌లో మెమరీ కేటాయించే కేమాలాక్()కు పరిమాణం, జీఎఫ్‌పీ ఫ్లాగ్‌లు (ఎలా కేటాయించాలో చెప్పేవి) తారుమారుగా ఇస్తే కంపైలర్ ఊరుకోవచ్చు, రెండూ పూర్ణాంకాలే కదా. జీఎఫ్‌పీ_టీ ప్రత్యేక టైప్ కావడం వల్ల స్పార్స్ పట్టుకుంటుంది. పేజీ ఫాల్ట్ హ్యాండ్లర్ -ఈనోమెమ్ (మెమరీ లేదనే ఎర్రర్ కోడ్) తిరిగిస్తే వీఎం_ఫాల్ట్_టీ దగ్గర వార్నింగ్ వస్తుంది; అక్కడ వీఎం_ఫాల్ట్_ఓఓఎం ఇవ్వాలి. పోల్ ఫంక్షన్‌లో పోలిన్ బదులు ఈపోలిన్ వాడాలి.

ఆర్‌సీయూ: గుర్తు లేకపోవడమే నేరం

ఆర్‌సీయూ అంటే, ఒకరు డేటాను మారుస్తున్నా చదివేవాళ్లు లాక్ లేకుండా చదవగలిగే పద్ధతి.

లక్షణం: ఆర్‌సీయూ_డీరిఫరెన్స్() ఉన్న లైనులో "ఇన్‌కంపాటిబుల్ టైప్స్ ఇన్ కంపారిజన్ ఎక్స్‌ప్రెషన్" అని వస్తుంది. అక్కడ చూస్తే పోలికే ఉండదు.

కారణం: ఆ మాక్రో లోపల, పాయింటర్‌కు __ఆర్‌సీయూ గుర్తు ఉందో లేదో చూసే పోలిక ఒకటి దాగి ఉంది. మీ స్ట్రక్ట్‌లో ఆ గుర్తు పెట్టలేదు.

పరిష్కారం: ఫీల్డ్ డిక్లరేషన్‌కు __ఆర్‌సీయూ చేర్చండి. తర్వాత వచ్చే కొత్త వార్నింగ్‌లు మూడు రకాలు. రాసే చోట ఆర్‌సీయూ_అసైన్_పాయింటర్() కావాలి. లాక్ పట్టుకుని చదివే చోట ఆర్‌సీయూ_డీరిఫరెన్స్_ప్రొటెక్టెడ్()కు ఏ లాక్ పట్టుకున్నారో లాక్‌డెప్_ఈజ్_హెల్డ్()తో చెప్పాలి. పాయింటర్ నల్ అవునా కాదా అని మాత్రమే చూసే చోట ఆర్‌సీయూ_యాక్సెస్_పాయింటర్() చాలు. రెండోదానిలో లాక్ పేరు రాయలేక తడుముకుంటున్నారంటే అక్కడ ఆగండి. ఆ పాయింటర్‌ను ఏ లాక్ కాపాడుతోందో కోడ్‌లో ఎవరూ తేల్చలేదని బయటపడింది. షరతు దగ్గర 1 అని పెట్టి దాటేస్తే ఆ రేస్ కండిషన్ (ఇద్దరు ఒకేసారి తాకడంతో వచ్చే తప్పు) అక్కడే ఉంటుంది.

చిన్నవి

"షుడ్ ఇట్ బి స్టాటిక్?" అని అడిగితే, వెంటనే స్టాటిక్ తగిలించకండి. ఆ ఫంక్షన్‌ను వేరే ఫైలు వాడుతుంటే, దాని డిక్లరేషన్ ఉన్న హెడర్‌ను ఈ ఫైలులో చేర్చలేదన్నమాట. హెడర్ చేరిస్తే డిక్లరేషన్‌కూ నిర్వచనానికీ పొంతన ఉందో లేదో కూడా తేలుతుంది. "యూజింగ్ ప్లెయిన్ ఇంటిజర్ యాజ్ నల్ పాయింటర్" అంటే 0 తీసి నల్ రాయండి. "కాంటెక్స్ట్ ఇంబ్యాలెన్స్" టైప్‌ల విషయం కాదు, లాక్ లెక్కల విషయం. దాన్ని ఈ పనితో కలపవద్దు.

__ఫోర్స్ ఎప్పుడు

అది న్యాయమైన చోట్లు ఉన్నాయి, కొన్నే. యాక్సెసర్ ఫంక్షన్ల లోపల, ఆర్కిటెక్చర్ కోడ్‌లో, చెక్‌సమ్ లెక్కల్లో ఉంటుంది. ఐపీ అడ్రస్‌ను హ్యాష్ ఫంక్షన్‌కు ఇచ్చేటప్పుడు కూడా అంతే, అక్కడ బిట్లు కావాలి తప్ప వాటి వరుస కాదు. డ్రైవర్ మధ్యలో __ఫోర్స్ రాయాల్సి వస్తే, ఇక్కడ టైప్‌ను ఎందుకు దాటుతున్నారో ఒక్క వాక్యంలో కామెంట్ రాసి చూడండి. ఆ వాక్యం కుదరకపోతే క్యాస్ట్ తప్పు.

ప్యాచ్ పంపే ముందు

గుర్తులు మాత్రమే చేర్చిన ప్యాచ్ యంత్రకోడ్‌ను మార్చకూడదు. ముందు, తర్వాత ఆబ్జెక్ట్ ఫైళ్లను ఆబ్జ్‌డంప్‌తో యంత్ర సూచనలుగా విడదీసి పోల్చండి. వార్న్_ఆన్ లాంటి చోట్ల లైను నంబర్లు మారడం మామూలే, దాన్ని వదిలేయండి. బైట్ల వరుసకు సంబంధించిన ప్యాచ్ అయితే బిగ్ ఎండియన్ క్రాస్ కంపైలర్‌తోనూ ఇదే చేయండి, లిటిల్ ఎండియన్‌లో తేడా కనబడదు. యంత్ర సూచనల్లో తేడా వచ్చిందంటే మీ శుభ్రతా ప్యాచ్‌లో ఒక అసలు బగ్ పరిష్కారం దాగుంది. దాన్ని విడిగా తీసి, ఫిక్సెస్ ట్యాగ్ (ఏ పాత మార్పులోని బగ్‌ను సరిచేస్తోందో చెప్పే లైను) పెట్టి, సిరీస్‌లో మొదటి ప్యాచ్‌గా పంపండి. అప్పుడే స్టేబుల్ కెర్నెళ్లవాళ్లు (విడుదలైన కెర్నెళ్లకు బగ్ పరిష్కారాలు చేర్చేవాళ్లు) దాన్ని ఒక్కదాన్నే తీసుకోగలుగుతారు.